45/150: ఆ పెన్సిల్ అంకె దేనికి హామీ?

సమకాలీన కళాకారుల ప్రింట్లు చూసేవారి చూపు మొదట బొమ్మ మీద, ఆ వెంటనే కాగితం కింది అంచు మీద పడుతుంది. అక్కడ పెన్సిల్‌తో రాసిన ఒక భిన్నం ఉంటుంది: 45/150, అంటే 150 ప్రతుల ఎడిషన్‌లో 45వ నంబరు ప్రతి అని. దాని పక్కన సంతకం. ఇదే బొమ్మ మ్యూజియం దుకాణంలో పోస్టరుగా నామమాత్రపు ధరకు దొరుకుతుంది. ఈ కాగితానికి మాత్రం దానికి వందల రెట్లు అడుగుతారు. రెండూ అచ్చువేసినవే కదా, అంత తేడా ఎందుకన్న ప్రశ్న న్యాయమైనదే.

ఆ తేడాలో ఎక్కువ భాగం ఒక మాటకు కట్టే వెల. ‘ఇవి ఇన్నే తీశాం, ఇక తీయం’ అన్నదే ఆ మాట. దాన్ని ఎవరు ఇచ్చారు, ఎక్కడ నమోదు చేశారు, తప్పితే ఎలా బయటపడుతుంది అన్న మూడు విషయాల మీదే లిమిటెడ్ ఎడిషన్ల (పరిమిత సంఖ్యలో తీసే ప్రతుల) మార్కెట్ నిలబడి ఉంది. ఇంటర్నెట్‌లో ప్రింట్ల అమ్మకాలు పెరిగాక, గడువు పెట్టి వేలకు వేలు అమ్మే కొత్త పద్ధతులు వచ్చాక, ఈ మాట విలువను అంచనా వేయడం మరింత కష్టమైంది.

అసలు ప్రింట్ ఏది, నకలు ఏది

గోడకు వేలాడే పెయింటింగును ఫొటో తీసి అచ్చువేస్తే అది నకలు. మొదటి నుంచీ అచ్చుగానే పుట్టాలని కళాకారుడు తలపెట్టి చేసినది అసలు ప్రింట్. రాగి రేకు మీద గీసిన గీతలను ఆమ్లంతో తినిపించి తీస్తే ఎచింగ్ అవుతుంది. చెక్కను మలిచి తీస్తే వుడ్‌కట్. రాయి మీదో రేకు మీదో జిడ్డు పెన్సిల్‌తో గీసి, జిడ్డుకూ నీటికీ పొసగని గుణాన్ని వాడుకుంటే లితోగ్రాఫ్. చట్రానికి బిగించిన సన్నని వల గుండా రంగును నెడితే స్క్రీన్‌ప్రింట్. వీటికి వేరే ఎక్కడో ‘అసలు’ బొమ్మ ఉండదు. రేకు లేదా రాయి ఒక పనిముట్టు మాత్రమే. కాగితం మీదికి వచ్చిన ప్రతి ముద్రా అసలుదే.

ఇంతవరకూ తేలికగానే ఉంది. చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. అంతర్జాతీయ కస్టమ్స్ వర్గీకరణలో అసలు ప్రింట్లకు ప్రత్యేకంగా 9702 అనే శీర్షిక ఉంది. దాని నిర్వచనం కచ్చితమైనది: కళాకారుడు పూర్తిగా చేత్తో తయారుచేసిన రేకు లేదా రేకుల నుంచి నేరుగా తీసిన ముద్రలు మాత్రమే అందులోకి వస్తాయి, యాంత్రిక పద్ధతులూ ఫొటో ఆధారిత పద్ధతులూ కుదరవు. ఈ కొలతను అక్షరాలా పాటిస్తే, పత్రికా ఫొటోలను వల మీదికి ఎక్కించి ఆండీ వార్హోల్ తీసిన ప్రసిద్ధ స్క్రీన్‌ప్రింట్లే ఇబ్బందుల్లో పడతాయి. మార్కెట్ మాత్రం వాటిని ఏనాడో అసలు కళాఖండాలుగా అంగీకరించింది.

రాయ్ లిక్టెన్‌స్టైన్ చేసిన ‘క్రయింగ్ గర్ల్’ ఇంకో అడుగు ముందుకు వెళుతుంది. 1963లో న్యూయార్క్‌లోని లియో కాస్టెల్లీ గ్యాలరీలో జరిగిన తన ప్రదర్శనకు ప్రచార పత్రంగా దాన్ని తీశారు. అది ఆఫ్‌సెట్ ముద్రణ, అంటే పత్రికలు, కరపత్రాలు అచ్చువేసే పద్ధతి. అంకెలు వేయలేదు. అయినా ఆయన సంతకం ఉన్న ప్రతులు నేడు పదుల వేల డాలర్లు పలుకుతాయి. కామిక్ పుస్తకాల చౌక అచ్చును కళగా మార్చిన మనిషి దాని కోసమే గీసి, ఆ పద్ధతిలోనే తీయించిన బొమ్మ అది. అక్కడ ఆఫ్‌సెట్ అనేది రాజీ కాదు, విషయమే అది.

దీనికి వ్యతిరేక దిశలో షగాల్ ఉదంతం ఉంది. మార్క్ షగాల్ చిత్రాల ఆధారంగా చార్ల్స్ సోర్లియే అనే నిపుణుడు ఎంతో నైపుణ్యంతో లితోగ్రాఫులు చేశాడు. రాయి మీద చేతిపని నూటికి నూరుపాళ్లు ఉంది, కానీ ఆ చెయ్యి షగాల్‌ది కాదు. అలాంటివాటిని వేలం సంస్థలు ‘షగాల్ అనంతరం’ అనే అర్థం వచ్చే చిన్న మాట చేర్చి జాబితాలో వేస్తాయి. కళాకారుడే గీసిన లితోగ్రాఫులతో పోలిస్తే వాటి ధర సాధారణంగా తక్కువ. జాబితా చదివేటప్పుడు చాలామంది దాటేసే మాట ఇదే.

ఇక డిజిటల్ ముద్రణ. నాణ్యమైన ఇంక్‌జెట్ ప్రింట్లను మార్కెట్లో జిక్లే అంటారు. ఇప్పటికే ఉన్న పెయింటింగును స్కాన్ చేసి జిక్లేగా తీసి సంతకం పెడితే అది సంతకం ఉన్న నకలే. డేవిడ్ హాక్నీ 2011లో ఐప్యాడ్ మీద గీసిన వసంత దృశ్యాలు కూడా ఇంక్‌జెట్ ప్రింట్లే, 25 ప్రతుల ఎడిషన్లుగా వచ్చాయి. కానీ ఆ బొమ్మలు తెర మీదే పుట్టాయి, కాగితం మీదికి రావడానికి వాటికి వేరే దారి లేదు. యంత్రం రెండు చోట్లా ఒకటే అయినప్పుడు, ఆ బొమ్మ అంతకుముందే మరో రూపంలో పూర్తయి ఉందా లేదా అన్నదే తేడా. యంత్రం పేరు చూసి తీర్పు చెప్పేవారి కంటే ఈ ప్రశ్న వేసేవారు తక్కువ మోసపోతారని నా నమ్మకం.

ఒకప్పుడు పరిమితిని రేకే పెట్టేది

ఎన్ని తీయాలన్న నిర్ణయం పూర్వం కళాకారుడి చేతిలో ఉండేది కాదు. డ్రైపాయింట్ పద్ధతినే తీసుకుందాం. రాగిని సూదితో గీకినప్పుడు గీత పక్కన పైకి లేచే సన్నని లోహపు అంచు సిరాను పట్టి మఖమల్ లాంటి నలుపును ఇస్తుంది. ఒక్కో కాగితాన్ని నొక్కేకొద్దీ ఆ అంచు అణిగిపోతుంది. కొన్ని పదుల ప్రతులు దాటేసరికి గీత వెలవెలబోతుంది. అందువల్ల తొలి ముద్రలకు ఎక్కువ విలువ ఇవ్వడంలో అర్థం ఉండేది.

19వ శతాబ్దంలో రాగి మీద ఉక్కు పూత వేసే పద్ధతి వచ్చింది. రేకు అంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువ ముద్రలకు తట్టుకోసాగింది. అదే శతాబ్దం చివర్లో జేమ్స్ విజ్లర్, సేమర్ హేడెన్ వంటి కళాకారులు ప్రతి ముద్ర మీదా పెన్సిల్ సంతకం చేయడాన్ని అలవాటుగా మార్చారు. ఈ రెండూ దాదాపు ఒకే కాలంలో జరగడం గమనించాలి. రేకు అరిగిపోవడం వల్ల కలిగే కొరత పోతుండగా, మనిషి ఇచ్చే మాట ఆ చోటును భర్తీ చేసింది.

మాట ఇచ్చేవాడు లేనప్పుడు ఏమవుతుందో స్పెయిన్ చిత్రకారుడు గోయా రేకులు చూపిస్తాయి. యుద్ధ బీభత్సాన్ని చిత్రించిన ఆయన ఎచింగ్ మాలిక ఆయన జీవితకాలంలో ప్రచురణకు నోచుకోలేదు. 1828లో ఆయన మరణించారు. 1863లో మాడ్రిడ్‌లోని శాన్ ఫెర్నాండో అకాడమీ 80 రేకుల నుంచి తొలిసారి ముద్రలు తీసింది. ఆ తర్వాత 1937 వరకు అవే రేకుల నుంచి మళ్లీ మళ్లీ తీశారు. అన్నీ గోయా గీసిన రేకుల ముద్రలే, అబద్ధం ఏమీ లేదు. అయినా ఏ ఏటి ముద్ర అన్నదాన్ని బట్టి ధర ఎన్నో రెట్లు మారుతుంది.

అందుకే ఎడిషన్ పూర్తయ్యాక రేకును అడ్డంగా గీకి పాడుచేయడం, లితో రాయిని అరగదీసి బొమ్మను చెరిపేయడం ఆనవాయితీ అయింది. పాడుచేసిన రేకు నుంచి ఒక ముద్ర తీసి సాక్ష్యంగా దాచే ముద్రణాలయాలూ ఉన్నాయి. డిజిటల్ ఫైలుకు ఈ సౌకర్యం లేదు. దాన్ని తుడిచేశామని చెప్పగలరు, చూపించడం కష్టం.

150 అని రాసి ఉంటే ఉన్నవి ఎన్ని?

కొత్తగా సేకరణ మొదలుపెట్టినవారిని ఎక్కువగా తికమకపెట్టే విషయం ఇదే. భిన్నంలో కింది అంకె మొత్తం ప్రతుల సంఖ్య కాదు. అమ్మకానికి ఉద్దేశించిన ప్రధాన ఎడిషన్ పరిమాణం మాత్రమే. దాని వెలుపల తీసినవాటిని ప్రూఫులు అంటారు.

వార్హోల్ 1983లో అంతరించిపోతున్న జంతువుల మీద చేసిన పది స్క్రీన్‌ప్రింట్ల మాలికను లెక్క వేసి చూద్దాం. ఒక్కో బొమ్మకు ప్రధాన ఎడిషన్ 150. కళాకారుడి వాటాగా తీసిన ఆర్టిస్ట్ ప్రూఫులు 30. వీటి మీద ఎ.పి. అని, ఫ్రెంచి సంప్రదాయం పాటించేవారైతే ఇ.ఎ. అని ఉంటుంది. ముద్రాపకులకు ఇచ్చిన పి.పి.లు 5. ప్రదర్శనల కోసం ఉంచిన ప్రతులు 5. వ్యాపారానికి కాదు అని గుర్తు పెట్టిన హెచ్.సి.లు 3. రోమన్ అంకెలు వేసినవి 10. ‘ఇలాగే తీయండి’ అని కళాకారుడు ఆమోదించిన నమూనా, అంటే బి.ఎ.టి., ఒకటి. ఇవన్నీ కలిపితే 204. రంగులు మార్చి మార్చి చూసుకున్న ట్రయల్ ప్రూఫులు మరో 30 ఉన్నాయి. వెరసి 234.

అంటే 150 అని నమ్మి కొన్నవారు ఊహించిన దానికంటే 56 శాతం ఎక్కువ కాగితాలు ఉన్నాయి. ఇది మోసం కాదు. ప్రతి వర్గమూ వార్హోల్ ప్రింట్ల సమగ్ర జాబితాలో నమోదై ఉంది. కొనేవారు ఎవరైనా చూసుకోవచ్చు. ప్రూఫులు ఉండటం తప్పు కాదు, ఎక్కడా నమోదు కాకపోవడమే తప్పు. ప్రధాన ఎడిషన్ 50 అని చెప్పి, ఎ.పి.ల సంఖ్య చెప్పడానికి విక్రేత తడబడితే ఆ 50కి అర్థం లేదు.

ఎ.పి.లకు ఎక్కువ ధర ఇవ్వాలా? ఇక్కడ రెండు అభిప్రాయాలున్నాయి. కళాకారుడి దగ్గరే ఉండిన ప్రతి, పైగా సంఖ్యలో తక్కువ, కాబట్టి ఇవ్వాలని కొందరు అంటారు. బొమ్మలో తేడా లేనప్పుడు ఎందుకు ఇవ్వాలని మరికొందరు అడుగుతారు. వేలాల్లో ఈ తేడా ఒక్కోసారి కనిపిస్తుంది, చాలాసార్లు కనిపించదు. రంగుల్లో నిజంగా తేడా ఉన్న ట్రయల్ ప్రూఫుల సంగతి వేరు. అవి ఒక్కోటి ఒక్కో రకం కాబట్టి వాటి ధర వేరే లెక్కలో నడుస్తుంది.

1/150కి 149/150 కంటే విలువ ఎక్కువన్న నమ్మకం కూడా బలంగానే ఉంది. అరిగే రేకుల కాలంలో దానికి కొంత ఆధారం ఉండేది. స్క్రీన్‌ప్రింట్లో ఒక్కో రంగును విడివిడిగా వేస్తారు. ఆరబెట్టే చట్రాల్లోంచి తీసి పేర్చేటప్పుడు వరస మారిపోతుంది. సంతకం చేసే రోజున ఏది పైన ఉంటే దానికి ఒకటో నంబరు పడుతుంది. నంబరు ఆ ప్రతికి గుర్తింపు మాత్రమే. పది బొమ్మల మాలికలో పదింటికీ ఒకే నంబరు కుదిరితే మాత్రం ఆ సెట్టుకు అదనపు ధర పలకడం మామూలే.

సంతకం ఉంటే చాలదు

1974లో ఫ్రాన్స్ అధికారులు ఆపిన ఒక ట్రక్కులో సాల్వడార్ డాలీ సంతకం ఉన్న ఖాళీ కాగితాలు సుమారు 40,000 బయటపడ్డాయి. బొమ్మ ఇంకా లేదు, సంతకం మాత్రం ఉంది. ఆ తరహా కాగితాల మీద ఎవరు ఏమి అచ్చువేసినా సంతకం నిజమే అవుతుంది, ప్రింట్ మాత్రం కాదు. డాలీ చివరి దశాబ్దాల ప్రింట్ల మార్కెట్ ఇప్పటికీ ఆ అనుమానం నుంచి కోలుకోలేదు. మంచి ప్రతులు కూడా ఆ భారాన్ని మోస్తున్నాయి. ఇచ్చిన మాటను కళాకారుడే చులకన చేస్తే ఎంత నష్టమో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

వార్హోల్ ఉదంతం దీనికి తలకిందులు. 1967లో ఆయన మార్లిన్ మన్రో ముఖాన్ని పది రంగుల కూర్పుల్లో 250 సెట్లుగా తీశారు. 1970 నుంచి ‘సండే బి. మార్నింగ్’ పేరుతో అవే బొమ్మలు ఐరోపాలో వెలువడ్డాయి. వాటి వెనుక ‘మీ సంతకం మీరే చేసుకోండి’ అన్న ముద్ర ఉంటుంది. వాటిలో కొన్ని తన ముందుకు వచ్చినప్పుడు వార్హోల్ ‘ఇది నాది కాదు’ అని రాసి కింద సంతకం చేశారు. ఆ సంతకం అసలైనదే, కానీ ప్రింటును అది తనదిగా ఒప్పుకోవడం లేదు.

అందుకే అనుభవం ఉన్న సేకర్తలు సంతకాన్ని ఒక్కదాన్నే చూడరు. కాగితం మూలన సిరా లేకుండా నొక్కిన చిన్న ముద్ర కోసం వెతుకుతారు. అది ముద్రణాలయం గుర్తు. 1960లో లాస్ ఏంజెలెస్‌లో జూన్ వేన్ స్థాపించిన టమరిండ్, 1966లో అదే నగరంలో మొదలైన జెమినీ జి.ఇ.ఎల్. వంటి సంస్థలు ఎన్ని ప్రతులు తీశారో, ఏ కాగితం వాడారో రికార్డు చేసి ఉంచుతాయి. ప్రముఖ కళాకారులకు పండితులు తయారుచేసిన సమగ్ర జాబితాలు ఉంటాయి. వాటిలో కొలతలు, కాగితం రకం, ప్రూఫుల సంఖ్య, సంతకం ఎక్కడ ఉండాలో కూడా ఉంటుంది. చేతిలోని కాగితం జాబితాలోని కొలతకు సరిపోకపోతే, సంతకం ఎంత అందంగా ఉన్నా ఆగి ఆలోచించాలి.

అసలు పేరు బయటపెట్టకుండా వీధి గోడల మీద బొమ్మలు వేసే బ్రిటన్ కళాకారుడు బ్యాంక్సీ మరో మార్గం ఎంచుకున్నాడు. తన ప్రింట్లను ధ్రువీకరించే పనిని ‘పెస్ట్ కంట్రోల్’ అనే తన సొంత కార్యాలయానికే అప్పగించాడు. అది ఇచ్చే పత్రానికి బ్రిటన్ యువరాణి డయానా బొమ్మ ఉన్న ఉత్తుత్తి పది పౌండ్ల నోటులో చింపిన సగం జోడించి ఉంటుంది. మిగతా సగం కార్యాలయం దగ్గర. ఆ పత్రం లేని బ్యాంక్సీని పెద్ద వేలం సంస్థలు చేపట్టవు. ఆయన ‘గర్ల్ విత్ బెలూన్’ 2004లో సంతకంతో 150, సంతకం లేకుండా 600 ప్రతులుగా వచ్చింది. సంతకం లేనివి కూడా తర్వాతి కాలంలో భారీ ధరలకు చేరడానికి ఈ ధ్రువీకరణే పెద్ద కారణం. ఇక్కడ సంతకం చేసే పనిని ఒక కార్యాలయం చేస్తోంది.

ఒకే చోట ఇంత అధికారం పెట్టడం మంచిదేనా అన్నది తేలని చర్చ. వార్హోల్ రచనలను ధ్రువీకరించే మండలి తాను తిరస్కరించిన వాటి వెనుక ‘తిరస్కరించాం’ అనే అర్థం వచ్చే ముద్ర కొట్టేది. దావాలు, వాటి ఖర్చులు పెరిగి 2012లో ఆ మండలి మూతపడింది. తీర్పు చెప్పేవారు ఉంటే వారి పొరపాటుకు అప్పీలు ఉండదు. లేకపోతే ప్రతి విక్రేతా తన నిపుణుణ్ని తానే తెచ్చుకుంటాడు. కాలిఫోర్నియా, న్యూయార్క్ వంటి అమెరికా రాష్ట్రాలు ఎడిషన్ పరిమాణం, ముద్రణ పద్ధతి, ప్రూఫుల వివరాలు అమ్మేవారు రాతపూర్వకంగా వెల్లడించాలని చట్టం చేశాయి. ఆ వెల్లడి పత్రంలో ఉండే అంశాలనే ఏ దేశంలో కొనేవారైనా విక్రేతను అడగవచ్చు. గ్యాలరీ తనంతట తాను అచ్చువేసి ఇచ్చే ‘ధ్రువీకరణ పత్రం’ దానికి సమానం కాదు.

ఒకే ఎడిషన్‌లో రెండు కాగితాలు, రెండు విలువలు

ప్రింట్ అంటే చివరికి కాగితమే. వెలుతురు, తేమ, ఆమ్లం, మనుషుల చేతులు దాన్ని నిత్యం తింటూ ఉంటాయి. 45/150, 46/150 ఒకే రోజు ఒకే బల్ల మీంచి బయలుదేరి ఉండవచ్చు. ఇరవై ఏళ్ల తర్వాత ఒకటి ఎండ పడే గోడ మీద గులాబీ రంగు పోగొట్టుకుని, మరొకటి సొరుగులో తాజాగా ఉంటాయి.

మ్యూజియాలు కాగితం మీది కళను సాధారణంగా 50 లక్స్ మించని వెలుతురులో, అదీ కొద్ది నెలలే ప్రదర్శిస్తాయి. వెలిసిన రంగును ఏ నిపుణుడూ వెనక్కి తేలేడు. ఆమ్లం ఉన్న చౌక అట్టతో ఫ్రేము కట్టిస్తే బొమ్మ చుట్టూ గోధుమ రంగు గీత పడుతుంది. దీన్ని కొంతవరకు శుభ్రం చేయగలరు. ఫ్రేములో పట్టడం కోసం అంచులు కత్తిరించడం, వెనుక అంతా జిగురు పూసి అట్టకు అంటించడం మాత్రం దాదాపు సరిదిద్దలేని నష్టాలు. ఫ్రేము కట్టేవారికి చక్కగా కనిపించే పనే సేకర్తకు గుండెకోత అవుతుంది. అందుకే వేలానికి ముందు స్థితి నివేదిక అడిగి తీసుకోవడం, ఫ్రేము విప్పి తీసిన ఫొటోలు చూడటం ధర కంటే ముందు జరగాల్సిన పనులు.

ఒకే కాగితానికి మూడు ధరలు

‘దీని విలువ ఎంత’ అన్న ప్రశ్నకు ఒకే జవాబు ఉండదు. పోతే ఇలాంటిదే మళ్లీ గ్యాలరీలో కొనడానికి ఎంత కావాలో బీమా విలువ చెబుతుంది, అది ఎక్కువగా ఉంటుంది. తొందర లేని కొనుగోలుదారు, తొందర లేని విక్రేత కుదుర్చుకునే ధర మార్కెట్ విలువ. వచ్చే నెలలోగా అమ్మాల్సి వస్తే వచ్చేది ఇంకా తక్కువ. బీమా పత్రంలోని అంకెను చూసి ఆస్తి పెరిగిందని సంతోషించేవారు ఈ మూడింటినీ కలిపేస్తున్నారు.

మార్కెట్ విలువ కనుక్కోవడానికి ఇటీవల అమ్ముడైన పోలికలు చూస్తారు. ఒక ఊహాజనిత ప్రింట్ తీసుకుందాం, ఎడిషన్ 100. కరెన్సీ ఏదైనా సరే, నాలుగు అంకెలు దొరికాయి. మంచి స్థితిలో ఉన్న ప్రతి ఈ ఏడాది వేలంలో సుత్తి దెబ్బకు 2,000 పలికింది. రంగు వెలిసి, అట్టకు అంటించిన ప్రతి నిరుడు 900 పలికింది. మూడేళ్ల కింద ఆ కళాకారుడి ఊపు నడుస్తున్నప్పుడు ఒకటి 4,200కు పోయింది. ఒక గ్యాలరీ ఇప్పుడు 5,000 అడుగుతోంది.

నాలుగింటినీ కూడి భాగిస్తే 3,025 వస్తుంది. ఈ సగటుకు ఏ అర్థమూ లేదు. 5,000 అడుగుతున్న ధర, ఇంకా ఎవరూ ఇవ్వలేదు, కాబట్టి తీసేయాలి. 4,200లో కొనుగోలుదారు రుసుము, అంటే పాట ధర మీద వేలం సంస్థ అదనంగా వసూలు చేసేది, కలిసి ఉంది, మిగతావి రుసుము లేని అంకెలు. రుసుము 26 శాతం అనుకుంటే సుత్తి ధర, అంటే పాట ముగిసిన ధర, 3,333. ఆ కళాకారుడి మిగతా ప్రింట్లు అప్పటి నుంచి సగానికి పడిపోయి ఉంటే, అదే అమ్మకం నేటి లెక్కలో సుమారు 1,670. మన చేతిలోని ప్రతికి అంచులు పూర్తిగా ఉన్నాయి, అట్ట మరక స్వల్పంగా ఉంది. 900 పలికిన దానికంటే చాలా మేలు, 2,000 పలికిన దానికంటే కొంచెం తక్కువ. కాబట్టి 1,500 నుంచి 1,900 మధ్య అని చెప్పడం సబబు. ఒకే అంకె చెప్పేవారి కంటే ఇలా రెండు అంకెల మధ్య చెప్పేవారిని నేను ఎక్కువగా నమ్ముతాను.

ఈ లెక్కలో ఇంకో రంధ్రం ఉంది. కనీస ధర రాక వెనక్కి వెళ్లిన లాట్లు (వేలానికి పెట్టిన వస్తువులు) చాలా ఫలితాల పట్టికల్లో కనిపించవు. పది వేలానికి వచ్చి ఆరు అమ్ముడైతే మనకు కనిపించేది ఆరింటి విజయమే.

పెయింటింగుతో పోలిస్తే ప్రింటుకు ఇక్కడ ఒక సుగుణం ఉంది. అచ్చంగా అలాంటిదే మరొకటి ఎంతకు పోయిందో తెలుస్తుంది కాబట్టి ధర చీకట్లో ఉండదు. అదే దాని బలహీనత కూడా. అప్పుల్లో పడిన ముక్కూ మొహం తెలియని సేకర్త 88/100ను తెగనమ్మితే ఆ అంకె మిగతా అందరి విలువనూ కిందికి లాగుతుంది.

కొన్న ధర తిరిగి రావాలంటే 40 శాతం పెరగాలి

వేలంలో సుత్తి ధర 1,000 అనుకుందాం. కొనుగోలుదారు రుసుము 26 శాతం కలిపి కొన్నవారు 1,260 చెల్లిస్తారు. అమ్మినవారి దగ్గర సంస్థ 10 శాతం తీసుకుంటే వారికి 900 చేరుతుంది. రేపే అదే ధరకు తిరిగి అమ్మితే 360 పోతుంది. నష్టం లేకుండా బయటపడాలంటే సుత్తి ధర 1,400 కావాలి, అప్పుడే 10 శాతం పోను 1,260 చేతికి వస్తుంది. అయిదేళ్లు దాచుకుంటే ఏటా సుమారు 7 శాతం చొప్పున ధర పెరగాలి, అదీ ఫ్రేము, బీమా, రవాణా ఖర్చులు లెక్కలో వేయకుండానే. ఐరోపా సమాఖ్య, బ్రిటన్ వంటి చోట్ల నిర్ణీత మొత్తం దాటిన పునర్విక్రయాల్లో కళాకారుడికి లేదా వారసులకు వాటా ఇవ్వాలి. ఐరోపా సమాఖ్యలో 50,000 యూరోల వరకు అది సాధారణంగా 4 శాతం. బొమ్మ గీసినవారికి చేరే సొమ్ము గనుక దాన్ని నేను భారంగా లెక్కించను, కానీ లెక్కలో మాత్రం ఉంటుంది.

ప్రింట్లు మంచి పెట్టుబడి అనేవారు వార్హోల్, హాక్నీ, బ్యాంక్సీ ధరల ఎదుగుదలను చూపిస్తారు. అవి నిజమే. వాదనలోని లోపం ఎంపికలో ఉంది. అదే దశాబ్దంలో సంతకం, నంబరు, మంచి కాగితం అన్నీ ఉండి ఎవరికీ పట్టని వేల ఎడిషన్లు వచ్చాయి. వాటి పునర్విక్రయానికి వేలమే జరగదు కాబట్టి పట్టికలోకీ ఎక్కవు. కాదనేవారి వాదనలోనూ ఒక లోటుంది: ఇరవై ఏళ్లు గోడ మీద చూసి ఆనందించిన దాన్ని వాళ్లు సున్నాగా లెక్కిస్తారు. సరుకు ఇష్టమై కొన్నవారికి 7 శాతం లెక్క భయపెట్టదు. లాభం కోసమే కొనేవారు దాన్ని ముందే తెలుసుకోవాలి.

ఎడిషన్ చిన్నదైతే ధర ఎక్కువా?

అంకగణితం ప్రకారం అవుననిపిస్తుంది. ఆచరణలో చిన్న ఎడిషన్‌కు చిక్కులున్నాయి. 10 ప్రతులే ఉన్న ప్రింట్ ఏళ్ల తరబడి వేలానికి రాకపోవచ్చు, వచ్చినప్పుడు పోలిక దొరకదు. 150 ఉన్నది తరచూ మార్కెట్లో కనిపిస్తూ తన ధరను తానే నమోదు చేసుకుంటుంది. పైగా కింది అంకె నిలకడగా ఉన్నా, తిరుగుతున్న ప్రతుల సంఖ్య తగ్గుతూ పోతుంది. మ్యూజియాలకు చేరినవి మళ్లీ బయటికి రావడం అరుదు. కొన్ని నీళ్లలో, నిప్పులో, ఎండలో పోతాయి.

ఇటీవలి ‘గడువు ఎడిషన్లు’ ఈ చర్చను కొత్త చోటికి తీసుకెళ్లాయి. సంఖ్యను ముందుగా ప్రకటించరు. కొద్ది రోజుల గడువు పెట్టి, అందులో ఎందరు కోరితే అన్ని తీస్తారు. 2021లో డేమియన్ హర్స్ట్ చెర్రీ పూల ప్రింట్లను ఇలా ఒక్కోటి 3,000 డాలర్లకు అమ్మకానికి పెడితే, ఎనిమిది బొమ్మల మీద మొత్తం 7,481 అమ్ముడయ్యాయి. సుమారు 2.24 కోట్ల డాలర్లు వచ్చాయి.

సమర్థకుల మాట ఇది: క్యూలో ముందున్న కొద్దిమందికి మాత్రమే దొరికి, మర్నాడే రెట్టింపు ధరకు తిరిగి అమ్ముడయ్యే పాత పద్ధతి కంటే ఇదే న్యాయం, కోరుకున్న ప్రతి ఒక్కరికీ ఒకటి దక్కుతుంది. విమర్శకుల మాట: ఆనాడు కోరిక ఉన్న ప్రతి ఒక్కరికీ ఇచ్చేశాక, రేపు ఎక్కువ ఇచ్చి కొనేవారు ఎక్కడ మిగులుతారు? రెండు మాటలూ నిజమే కావడం ఇందులోని కష్టం. పంపిణీ న్యాయంగా జరిగే కొద్దీ కొరత తగ్గుతుంది, కొరత తగ్గే కొద్దీ పునర్విక్రయ ధర మీద ఒత్తిడి పెరుగుతుంది. వాటిని గోడకు పెట్టుకోవడానికి కొన్నవారు ఎందరో, అమ్మడానికి కొన్నవారు ఎందరో ఏ జాబితాలోనూ ఉండదు. ఒకే బొమ్మ ప్రతులు ఏటా ఎన్ని వేలానికి వస్తున్నాయి, ఎన్ని అమ్ముడుపోకుండా వెనక్కి పోతున్నాయి అన్న రెండు వరుసలను పక్కపక్కన పెట్టి చూస్తే ఆ జవాబు నెమ్మదిగా తెలుస్తుంది.